ఎసెన్షియల్ ట్రెమర్, పార్కిన్సన్స్: 21 నార్మల్ స్కాన్లు తెచ్చిన తగువు

చేతులు వణికే ఎసెన్షియల్ ట్రెమర్ మున్ముందు పార్కిన్సన్స్‌గా మారుతుందా? పార్కిన్సన్స్‌లో నరాల కణాల్లో గడ్డకట్టే ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్‌ను వెన్ను నీటిలోనూ చర్మపు ముక్కలోనూ పట్టే పరీక్షలు వచ్చాక ఈ ప్రశ్న మళ్ళీ పైకి లేచింది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ రాసిన వ్యాసం దగ్గర్నుంచి చెప్పుకురానక్కర్లేదు. అసలు మలుపు 2004లో ఉంది.

పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మందు ఆ జబ్బును నెమ్మదింపజేస్తుందా, ముదరబెడుతుందా తేల్చడానికి అమెరికా, కెనడాల్లో 361 మందిపై జరిగిన ట్రయల్ ఫలితాలు ఆ ఏడాది వచ్చాయి. వాళ్ళలో 142 మందికి మెదడులో కదలికలకు అవసరమైన డోపమైన్ రసాయనాన్ని వదిలే నరాల కొనలను చూపే స్కాన్ తీస్తే, 21 మందికి నార్మల్ వచ్చింది. అందరూ నిపుణులు చూసి పార్కిన్సన్స్ అని తేల్చినవాళ్ళే. పార్కిన్సన్స్ లక్షణాలు బయటపడేసరికే ఆ కొనలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి కాబట్టి, తొలిదశ గనక స్కాన్‌కు అందలేదని సరిపెట్టుకోవడం కష్టం.

మరి వాళ్ళది ఏ జబ్బు? 2007లో లండన్ నుంచి కైలాష్ భాటియా బృందం ఒక జవాబు చెప్పింది: ఇలాంటివాళ్ళలో కొందరిది డిస్టోనియా (కండరాలు వాటంతటవే బిగుసుకుని మెలితిరిగే జబ్బు) వల్ల వచ్చే వణుకు. చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నా వణుకుతుంది, నడకలో సరిగా ఊగదు. చూడ్డానికి అచ్చం పార్కిన్సన్సే. తేడా వేళ్ళ దగ్గర తెలుస్తుంది. బొటనవేలికి చూపుడువేలు టకటకా తాటించమంటే, పార్కిన్సన్స్‌లో వేళ్ళ మధ్య ఎడం తాటింపు తాటింపుకీ తగ్గిపోతుంది. వీళ్ళలో అలా తగ్గదు.

ఇంతకన్నా తేలికైన ఆనవాలును 1999లోనే హ్యూస్టన్‌లో జోసెఫ్ జాంకోవిచ్ బృందం వివరించింది. రెండు చేతులూ ముందుకు చాపమంటే ఎసెన్షియల్ ట్రెమర్‌లో వణుకు వెంటనే మొదలవుతుంది. పార్కిన్సన్స్‌లో ఒకసారి ఆగి, కొన్ని సెకన్ల తర్వాత తిరిగొస్తుంది. రెండు సెకన్లకే చేతులు దించమంటే ఆ వణుకు కనపడదు. మొదటి క్షణాలు వదిలేసి తర్వాత చూస్తే రెండు జబ్బులూ ఒకేలా ఉంటాయి. కాబట్టి చేతులు చాపినప్పటి నుంచి కనీసం పదిహేను లెక్కపెట్టేదాకా కన్ను తిప్పకూడదు. పైసా ఖర్చులేని ఈ పరీక్షను హడావిడి ఓపీల్లో వదిలేయడం బాధాకరం.

రెండూ ఒకే తీగకు పూచాయనేవాళ్ళకూ ఆధారాలున్నాయి. 2007లో ఎలాన్ లూయిస్ బృందం ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవాళ్ళ 33 మెదళ్ళు పరిశీలిస్తే, 8 మెదళ్ళ కాండంలో పార్కిన్సన్స్‌లో కనపడే లూయీ బాడీలు (ఆల్ఫా సైన్యూక్లిన్ ముద్దలు) దొరికాయి. మిగిలిన 25లో మార్పులు చిన్నమెదడులో ఉన్నాయి. స్పెయిన్‌లో చేసిన జనాభా అధ్యయనం 2009లో, ఈ వణుకు ఉన్నవాళ్ళకు పార్కిన్సన్స్ ముప్పు దాదాపు నాలుగు రెట్లని చెప్పింది. అయితే మొదట పెట్టిన పేరే తప్పయితే ఈ లెక్కలోకి మొదట్నుంచీ పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళే చేరిపోతారు. 2017లో, వణుకు తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనలాల్ వాడినవాళ్ళకు పార్కిన్సన్స్ ఎక్కువని నార్వే రికార్డులు చూపినప్పుడూ ఇదే పేచీ వచ్చింది: పార్కిన్సన్స్ తొలి వణుక్కే ఆ మాత్ర రాసి ఉంటారు కదా!

2018 కొత్త నిర్వచనం ప్రకారం రెండు చేతుల్లోనూ పని చేసేటప్పటి వణుకు కనీసం మూడేళ్ళుగా ఉంటేనే ఎసెన్షియల్ ట్రెమర్. దానికి విశ్రాంతి వణుకో, గీత మీద నడిస్తే తూలడమో తోడైతే ‘ప్లస్’. తేల్చలేని కేసులన్నీ ఇప్పుడు ఈ ప్లస్‌లోనే చేరుతున్నాయి. నేటి గొడవంతా దీని మీదే.

మన దగ్గర డోపమైన్ నరాల కొనలను చూడ్డానికి తీసే ట్రోడాట్ స్కాన్ నార్మల్ వస్తే ఎసెన్షియల్ ట్రెమర్ ఖాయమని కాదు. డిస్టోనియా వణుకులోనూ, మందుల వల్ల వచ్చిన వణుకులోనూ అది నార్మల్‌గానే ఉంటుంది. కళ్ళు తిరుగుతున్నాయని నెలల తరబడి వాడే సినరిజిన్, మైగ్రేన్‌కు రాసే ఫ్లూనరిజిన్ ఆ జాబితాలోవే. వాటిని డాక్టరు చెప్పినట్టు ఆపాక కూడా వణుకు తగ్గడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా రోగి ఫైలు మీద పార్కిన్సన్స్ అని పడితే, అక్కర్లేని లెవోడోపా మొదలవుతుంది.