మెయిల్ ట్రైన్ నిండా సార్టింగ్ కార్లేనా? కొనేముందు ఒక్క నిమిషం

మొన్న ఇక్కడ అమెరికాలో మోడల్ ట్రైన్ షోలో నా బల్ల దగ్గరికి ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు. చేతిలో నాలుగు కొత్త అట్టపెట్టెలు. నాలుగింట్లోనూ ఆర్.పి.ఓ. కార్లే, అంటే రైల్వే పోస్టాఫీసు పెట్టెలు. "అంకుల్, ఇంకో రెండు దొరికితే నా మెయిల్ ట్రైన్ పూర్తయిపోతుంది" అన్నాడు. అప్పటికే మూడు వందల డాలర్లు దాటాయట. ఏ షోకి వెళ్లినా ఇలాంటివాళ్లు ఒకరైనా తగులుతారు. ఎక్కడో ఎవరో అన్న ముక్క పట్టుకుని జేబు ఖాళీ చేసుకుంటారు.

అపోహ: అమెరికన్ మెయిల్ ట్రైన్ అంటే వరసగా ఆర్.పి.ఓ. కార్లే.

కాదు బాబూ, కాదు. చాలా రైళ్లకి ఒక్కటి ఉండేది. ఉత్తరాలు బాగా ఎక్కువున్న లైన్లలో ఇంకోటి తగిలించేవాళ్లు. రైలు నడుస్తుండగా గుమాస్తాలు నిలబడి ఉత్తరాలు విడగొట్టే గది అది. ఎన్ని అడుగుల గది కావాలో తపాలా శాఖే తేల్చేది: 15, 30, లేదా 60. హెచ్.ఓ. స్కేల్లో (అసలులో 87వ వంతు సైజు మోడళ్లు) 60 అడుగులంటే 21 సెంటీమీటర్లు, 15 అయితే 5 పైచిలుకు. చిన్న లైన్లలో బ్యాగేజీ కారులోనే ఒక మూల ఈ గది ఉండేది. మిగతా తపాలా అంతా ఎక్కడ? మూతి కట్టేసిన సంచుల్లో, మామూలు బ్యాగేజీ కార్లలో. వాటినే స్టోరేజ్ మెయిల్ కార్లు అంటారు. శాంటా ఫే రైల్వే వాళ్ల ఫాస్ట్ మెయిల్, 7, 8 నంబర్ల బళ్లు, షికాగో - లాస్ ఏంజెలెస్ మధ్య నడిచేవి. వాటి పాత ఫొటోలు చూడండి, ఇంజను వెనక ఎన్ని బ్యాగేజీ కార్లో లెక్కపెట్టండి.

ఇంత గట్టిగా చెప్తున్నాను గానీ, మొదట్లో నేనూ ఐదు కొన్నాను. మా మేనమామ బెజవాడలో ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీస్) సార్టరుగా చేసి రిటైరయ్యాడు. ఓ ఎండాకాలం మా ఇంటికొచ్చి బేస్‌మెంట్‌లో నా బండి చూశాడు. "ఏరా, ఐదు సార్టింగ్ పెట్టెలా? ఇంతమంది సార్టర్లు పొద్దస్తమానం ఏం చేస్తార్రా?" అన్నాడు. "మెయిల్ ట్రైన్ కదా మావయ్యా" అన్నాను. "అయితే? దారిలో దిగే ఊళ్ల ఉత్తరాలే మేం విడగొట్టేది. దూరం పోయే సంచీ కట్టింది కట్టినట్టే పోతుంది, దాని మూతి విప్పితే ఊరుకోరు" అన్నాడు. అమెరికాలోనూ పద్ధతి అదే. నేను చదివిన పుస్తకాల్లో ఉంది కూడా. నా బుర్రకే ఎక్కలేదు.

ఇప్పటికే కొనేసినవాళ్లు టెన్షన్ పడొద్దు. డబ్బేమీ పోలేదు. మీ లేఅవుట్ (ఇంట్లో కట్టుకున్న మోడల్ రైల్వే) 1967కి ముందు కాలానిదైతే మామూలు ప్యాసింజర్ రైళ్లకీ తలా ఒక ఆర్.పి.ఓ. ఉండటం సహజమే. కాబట్టి నాలుగు కార్లు నాలుగు రైళ్లకి పంచండి. ఆ కుర్రాడికీ ఇదే చెప్పాను. మొహం కాస్త తేటపడింది. మెయిల్ ట్రైన్ నింపడానికి సెకండ్ హ్యాండ్ బ్యాగేజీ కార్లు చాలు. ఒకటి రెండు వేరే రైల్వే కంపెనీవి కలిసినా తప్పులేదు, అసలు బళ్లలోనూ అలా కలిసేవి.

అపోహ: ఎక్స్‌ప్రెస్ అంటే వేగంగా పోయే రైలు. ఇది మనవాళ్ల స్పెషల్. ఇక్కడ తపాలా, పార్సిళ్లు మోసే రైలుని మెయిల్ అండ్ ఎక్స్‌ప్రెస్ అనేవాళ్లు, అందులో ఎక్స్‌ప్రెస్ అంటే పార్సిల్ సర్వీసు. 1929 నుంచి ఆ పని రైల్వే ఎక్స్‌ప్రెస్ ఏజెన్సీది, 1975లో దివాలా తీసింది.

అపోహ: ఏ బాక్స్ కారైనా ముందు తగిలిస్తే ఎక్స్‌ప్రెస్ కారే. చలికాలంలో వెనక కోచ్‌ల వేడికి ఇంజను నుంచి ఆవిరి గొట్టం పోవాలి. మధ్యలో గొట్టంలేని గూడ్సు పెట్టె పెడితే జనం గడ్డకట్టుకుపోతారు. అందుకే ఎక్స్‌ప్రెస్ బాక్స్ కార్లకి ఆవిరి గొట్టం, వేగం తట్టుకునే ట్రక్కులు ఉండేవి. (మనం పెట్టెనే బోగీ అంటాం. అసలు బోగీ అంటే దాని కింద చక్రాల అమరిక, ఇక్కడ దాన్నే ట్రక్ అంటారు.) రెండో ప్రపంచయుద్ధ కాలంలో పుల్‌మాన్ కంపెనీ కట్టిన సైనికుల స్లీపర్లు తర్వాత కొన్ని ఎక్స్‌ప్రెస్ కార్లుగా మారాయి. వాటి మోడళ్లు దొరుకుతాయి, చూడ్డానికీ బాగుంటాయి.

1967లో తపాలా శాఖ చాలావరకు ఆర్.పి.ఓ.లు ఎత్తేసింది. చివరి లైను న్యూయార్క్ - వాషింగ్టన్, 1977 జూన్ 30తో ఆగింది. డెబ్బైల లేఅవుట్‌లో ఊరూరికీ ఆర్.పి.ఓ. తిప్పేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. మోడల్ పట్టాల వంపుల సంగతా? 18 అంగుళాల వ్యాసార్థం వంపులో 85 అడుగుల కోచ్‌లు ఏడిపిస్తాయి, 60 అడుగులవి అంత పేచీ పెట్టవు.

ఇక చివర్న సిబ్బంది కోసం ఒక పాత కోచ్ పెట్టడం మర్చిపోకండి. నా బండికి అది పెట్టిన రోజు మావయ్య టిష్యూ కాగితం ఉండలు చుట్టి, టీ డికాక్షన్‌లో ముంచి, ముప్పై సంచులు చేసిచ్చాడు. అన్నింటికీ మూతి దగ్గర దారం కట్టే ఉంది.