మంచి యంత్రం, పోయిన నమ్మకం: సెగా డ్రీమ్‌కాస్ట్ ఓటమి వెనుక కథ

2001 జనవరి 31న జపాన్‌కి చెందిన సెగా కంపెనీ, టీవీకి తగిలించి వీడియో గేమ్స్ ఆడుకునే తన డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ తయారీని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మార్చి నెలాఖరుతో ఉత్పత్తి ముగుస్తుందని, ఇక మీదట సొంత కన్సోల్స్ చేయకుండా ఇతర కంపెనీల కన్సోల్స్‌కి గేమ్స్ మాత్రమే తయారుచేస్తామని చెప్పింది. జపాన్‌లో డ్రీమ్‌కాస్ట్ అమ్మకాలు మొదలై అప్పటికి రెండేళ్ల రెండు నెలలే అయింది. మొత్తం మీద ప్రపంచమంతా కలిపి అమ్ముడుపోయినవి దాదాపు 91 లక్షలు. దానికి పోటీగా వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 2 అమ్మకాలు చివరికి 15 కోట్లు దాటాయి.

ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెడితే డ్రీమ్‌కాస్ట్ నాసిరకం సరుకు కాబట్టే పోయిందని అనిపిస్తుంది. అది తప్పు. యంత్రంగా డ్రీమ్‌కాస్ట్ తన కాలానికి ముందున్నది. దాన్ని ముంచినవి అది పుట్టకముందు సెగా తీసుకున్న నిర్ణయాలు. అందుకే ఈ కథని 1998 నుంచి కాకుండా మరికొన్నేళ్లు వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి.

1990ల మొదట్లో అమెరికాలో సెగాకి మంచి రోజులు నడిచాయి. మెగా డ్రైవ్ అనే 16-బిట్ కన్సోల్‌ని అక్కడ జెనెసిస్ పేరుతో అమ్మేవాళ్లు. సెగా అమెరికా విభాగానికి అధిపతిగా వచ్చిన టామ్ కలిన్‌స్కీ దాని ధర తగ్గించి, కొత్తగా వచ్చిన సోనిక్ గేమ్‌ని కన్సోల్‌తో పాటే ఇచ్చి, తిరుగులేదనుకున్న గేమ్స్ కంపెనీ నింటెండోకి గట్టి పోటీ ఇచ్చారు. మన దేశంలో మెగా డ్రైవ్‌ని 1995లో షా వాలెస్ సంస్థ అమ్మకానికి పెట్టింది. ధర 18,000 రూపాయలు. అప్పట్లో మధ్యతరగతి ఇంట్లో పిల్లల ఆటకి అంత డబ్బు పెట్టే పరిస్థితి లేదు. మన ఊళ్లలో ఆడుకున్నవి చవకగా దొరికే కాపీ టీవీ గేములు, వాటిలో పెట్టే క్యాసెట్లు. మనలో చాలామందికి మారియో, కాంట్రా గుర్తున్నంతగా సోనిక్ గుర్తుండకపోవడానికి ఇదో కారణం.

1994 నవంబర్‌లో సెగా ఒకే నెలలో రెండు వేర్వేరు దారులు పట్టింది. అమెరికాలో 32ఎక్స్ అనే పరికరాన్ని 159 డాలర్లకి విడుదల చేసింది. ఉన్న జెనెసిస్‌కి దీన్ని తగిలించుకుంటే 32-బిట్ గేమ్స్ ఆడుకోవచ్చని చెప్పింది. అదే నెల జపాన్‌లో పూర్తిగా కొత్త కన్సోల్ అయిన శాటర్న్‌ని దించింది. 32ఎక్స్ గేమ్స్ శాటర్న్‌లో నడవవు. కొన్నవాళ్లకి కొన్ని నెలల్లోనే విషయం అర్థమైంది. కొత్త గేమ్స్ రావడం తగ్గిపోయింది, దుకాణాల్లో మిగిలిన సరుకుని అయినకాడికి అమ్ముకున్నారు.

అసలు దెబ్బ 1995 మే 11న తగిలింది. లాస్ ఏంజెలెస్‌లో ఈ3 అనే వీడియో గేమ్స్ ప్రదర్శన మొట్టమొదటిసారి జరుగుతోంది. అమెరికాలో శాటర్న్ సెప్టెంబర్ 2న వస్తుందని సెగా అంతకుముందే చెప్పి ఉంది. అయితే వేదికెక్కిన కలిన్‌స్కీ, అమ్మకాలు ఈరోజే మొదలయ్యాయని, ధర 399 డాలర్లని ప్రకటించారు. సోనీ కంటే ముందే మార్కెట్లో ఉండాలన్నది టోక్యోలోని ప్రధాన కార్యాలయం పట్టుదల. కలిన్‌స్కీకి అది ఇష్టం లేకపోయినా తప్పలేదు. అదే రోజు సోనీ వంతు వచ్చినప్పుడు ఆ కంపెనీ తరఫున స్టీవ్ రేస్ మైకు దగ్గరికి వచ్చి "299" అని మాత్రం చెప్పి దిగిపోయారు. సోనీ తెస్తున్న తొలి ప్లేస్టేషన్ కన్సోల్ ధర అది. హాలంతా చప్పట్లు మోగాయి.

ఆ తొందర వల్ల ఎవరెవరు నష్టపోయారో చూడాలి. సరుకు తక్కువగా ఉండటంతో నాలుగు పెద్ద దుకాణ సంస్థలకే శాటర్న్ ఇచ్చారు. మిగిలినవాళ్లకి ముందు మాట కూడా లేదు. కేబీ టాయ్స్ అనే బొమ్మల దుకాణాల సంస్థకి కోపం వచ్చి శాటర్న్‌ని అమ్మడానికే ఒప్పుకోలేదు. గేమ్స్ తయారుచేసే బయటి కంపెనీలవాళ్లు, అంటే డెవలపర్లు, తమ గేమ్స్‌ని సెప్టెంబర్ తేదీకి సిద్ధం చేసుకుంటున్నారు. వాళ్ల పని సగంలో ఉండగానే కన్సోల్ బయటికొచ్చేసింది. పైగా శాటర్న్‌లో రెండు ప్రధాన ప్రాసెసర్లు. వాటిని కలిపి వాడుకుంటూ ప్రోగ్రామ్ రాయడం కష్టం, ప్లేస్టేషన్‌కి రాయడం తేలిక. దుకాణదారు, డెవలపర్, కొనేవాడు, ముగ్గురూ సెగాని నమ్మడం మానేసిన కాలమిది. డ్రీమ్‌కాస్ట్ ఓటమి ఇక్కడే సగం ఖాయమైందని నా అభిప్రాయం.

కలిన్‌స్కీ 1996లో వెళ్లిపోయారు. తర్వాత అమెరికా విభాగాన్ని చూసుకున్న బెర్నీ స్టోలర్ 1997లోనే శాటర్న్ మా భవిష్యత్తు కాదని బాహాటంగా చెప్పేశారు. మాట నిజమే కావచ్చు. కానీ శాటర్న్ కొనుక్కున్నవాళ్లకి ఆ మాట ఎలా వినిపించి ఉంటుంది? సెగాని నమ్ముకుని ఇంకా మిగిలి ఉన్నవాళ్లు వాళ్లే కదా.

1998లో హోండా నుంచి వచ్చిన షోయిచిరో ఇరిమజిరి సెగా అధ్యక్షుడయ్యారు. కొత్త కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ విషయంలో ఈసారి ఇంజినీర్లు పాత తప్పు చేయలేదు. హిటాచీ ఎస్‌హెచ్-4 అనే ఒకే ప్రాసెసర్, వేగం 200 మెగాహెర్ట్జ్. గ్రాఫిక్స్‌కి ఎన్ఈసీ తయారుచేసిన పవర్‌వీఆర్ చిప్. కన్సోల్‌లోనే మోడెమ్ పెట్టారు. ఫోన్ లైన్ కలిపితే చాలు, ఎక్కడో ఉన్న మనిషితో ఆడొచ్చు. అప్పటికి ఏ పెద్ద కంపెనీ కన్సోల్‌లోనూ మొదటి రోజు నుంచి ఆ సౌకర్యం లేదు.

జపాన్‌లో 1998 నవంబర్ 27న విడుదలైంది. తొలిరోజు సరుకంతా అమ్ముడుపోయింది, కానీ అడిగినవాళ్లందరికీ ఇవ్వడానికి కన్సోల్స్ లేవు. గ్రాఫిక్స్ చిప్‌ల తయారీ అనుకున్నంతగా సాగకపోవడమే కారణం. 1999 ఫిబ్రవరికి 10 లక్షలు అమ్మాలన్న ఇరిమజిరి లక్ష్యం నెరవేరలేదు.

అమెరికాలో మాత్రం సెగా ఎంతో జాగ్రత్తగా పనిచేసింది. 1999 సెప్టెంబర్ 9న, 199 డాలర్ల ధరకి, 18 గేమ్స్‌తో దించారు. మొదటి 24 గంటల్లో 2,25,132 కన్సోల్స్ అమ్ముడుపోయాయి. గేమ్స్ వగైరా కూడా కలిపి వచ్చిన డబ్బు 9.84 కోట్ల డాలర్లు. ఈ విడుదలకి పునాది వేసిన స్టోలర్‌ని సరిగ్గా దాని ముందే తప్పించి, పీటర్ మూర్‌కి బాధ్యత అప్పగించారు. సోల్‌క్యాలిబర్, క్రేజీ టాక్సీ, జెట్ సెట్ రేడియో, షెన్‌మూ, చివర్లో వచ్చిన ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్. ఇంత తక్కువ కాలంలో ఇన్ని కొత్త రకాల గేమ్స్ ఇచ్చిన కన్సోల్స్ చాలా అరుదు. షెన్‌మూలో ఒక పట్నం వీధులు, దుకాణాలు, రోజువారీ పనులకి వెళ్లే మనుషులు, మారే వాతావరణం అన్నీ ఉంటాయి. ఇవాళ ఓపెన్ వరల్డ్ గేమ్స్‌లో, అంటే పెద్ద లోకంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ ఆడేవాటిలో, మామూలైపోయినవి చాలా అందులో ముందే కనిపిస్తాయి.

అయినా పాత అపనమ్మకం పోలేదు. అమెరికాలో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ గేమ్స్‌కి పెట్టింది పేరైన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ డ్రీమ్‌కాస్ట్‌కి ఒక్క గేమ్ కూడా చేయలేదు. స్పోర్ట్స్ గేమ్స్ తామే చేయాలని, ఇంకెవరూ చేయకూడదని ఆ సంస్థ షరతు పెట్టిందని స్టోలర్ తర్వాత చెప్పారు. అప్పటికే సెగా స్పోర్ట్స్ గేమ్స్ కోసం విజువల్ కాన్సెప్ట్స్ స్టూడియోని కొనేసింది. వాళ్లు చేసిన అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్ ఎన్ఎఫ్ఎల్ 2కె బాగా ఆడింది. కానీ అన్ని రకాల గేమ్స్‌నీ ఒక్క కంపెనీయే చేసి నెట్టుకురావడం కష్టం.

ఇక సోనీ. ప్లేస్టేషన్ 2 వివరాలని 1999 మార్చిలోనే, అంటే డ్రీమ్‌కాస్ట్ అమెరికా చేరడానికి ఆరు నెలల ముందే బయటపెట్టింది. పాత ప్లేస్టేషన్ గేమ్స్ ఇందులోనూ ఆడతాయి, డీవీడీ సినిమాలు కూడా చూడొచ్చు. విడిగా డీవీడీ ప్లేయర్ కొనాలంటేనే బాగా ఖర్చయ్యే రోజులవి. 2000 అక్టోబర్ 26న అమెరికాలో 299 డాలర్లకి విడుదలైనప్పుడు సరుకు చాలలేదు. ఆ కొరత తమకి కలిసొస్తుందని సెగా ఆశపడింది. డ్రీమ్‌కాస్ట్ ధర అప్పటికే 149 డాలర్లకి దిగింది, షాపుల్లో దండిగా ఉంది. అయినా చాలామంది దాన్ని వదిలి ప్లేస్టేషన్ 2 కోసం నెలల తరబడి ఎదురుచూశారు. సగం ధరకి చేతికందే వస్తువుని కాదని ఎదురుచూశారంటే, వాళ్ల అనుమానం ఆ యంత్రం మీద కాదు, రేపు కూడా సెగా తోడుంటుందా అన్న దాని మీద. 32ఎక్స్, శాటర్న్ కొన్నవాళ్లకి ఆ భయం న్యాయమైనదే.

పైరసీయే డ్రీమ్‌కాస్ట్‌ని చంపిందని తరచూ వినిపించే మాటని నేను అంతగా నమ్మను. నష్టం జరిగిన మాట నిజం. డ్రీమ్‌కాస్ట్ గేమ్స్ వచ్చే, ఒక జీబీ పట్టే జీడీ-రామ్ డిస్కుల్ని మామూలుగా కాపీ చేయలేరన్న ధీమా ఉండేది. మిల్-సీడీ అనే మల్టీమీడియా డిస్కుల కోసం పెట్టిన వెసులుబాటుతో అది పోయింది. 2000 మధ్య నుంచి కన్సోల్‌ని విప్పకుండానే కాపీ సీడీలు నడిచాయి. అయితే ఆ ఏడాది మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలోనే సెగా నష్టం 4,200 కోట్ల యెన్‌లు దాటింది. అంతకుముందు శాటర్న్ కాలం నష్టాలు ఉండనే ఉన్నాయి. ధర తగ్గించి, ఎదురు ఖర్చు పెట్టుకుని ఇంకో రెండేళ్లు పోరాడటానికి కంపెనీ దగ్గర డబ్బు లేదు.

కన్సోల్ వ్యాపారం వదిలేయాలని మొదటి నుంచీ చెప్పిన వ్యక్తి ఇసావో ఒకావా. సెగా మాతృసంస్థ సీఎస్‌కే అధిపతి. 2000లో ఇరిమజిరి స్థానంలో ఆయనే సెగా అధ్యక్షుడయ్యారు. తయారీ ఆపేశాక కూడా కంపెనీ నిలబడాలని తన సొంత షేర్లు, సుమారు 8,500 కోట్ల యెన్‌ల విలువైనవి, సెగాకి ఇచ్చేశారు. తాను ఇచ్చిన అప్పులనీ మాఫీ చేశారు. 2001 మార్చి 16న కన్నుమూశారు. ఆ ఏడాది డిసెంబర్‌లో సోనిక్ గేమ్ పాత ప్రత్యర్థి నింటెండో గేమ్‌క్యూబ్ మీద వచ్చింది. 2004లో సెగా, సామీ సంస్థలు ఒకటయ్యాయి.

అమ్మకాల లెక్కతోనే తీర్పు చెప్పాలనుకునేవాళ్లు ఇంకో అంకె కూడా చూడాలి. శాటర్న్ తన జీవితకాలం మొత్తంలో అమ్ముడుపోయింది సుమారు 92 లక్షలు. డ్రీమ్‌కాస్ట్ అంతకంటే చాలా తక్కువ కాలంలో దాదాపు అక్కడికి చేరింది. అది చూపించిన ఆన్‌లైన్ దారినే 2001 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అందుకుంది. బ్రాడ్‌బ్యాండ్ పోర్టు అందులో ముందే అమర్చి ఇచ్చారు. షెన్‌మూ రెండో భాగం అమెరికాలో 2002లో ఆ ఎక్స్‌బాక్స్ మీదే విడుదలైంది. మరుసటి ఏడాది పీటర్ మూర్ కూడా మైక్రోసాఫ్ట్‌లో చేరారు.