కీ వాచీ టైము తప్పుతోందా? అపోహలు - వాస్తవాలు

“రోజుకు ఎనిమిది సెకన్లు ఫాస్ట్ పోతోందండీ, లోపల ఏదో పాడైనట్టుంది.” ఈ మాటతో నా బల్ల మీదికి వచ్చిన వాచీలు లెక్కలేనన్ని. మూత తీసి చూస్తే చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. రోజుకు 86,400 సెకన్లు. అందులో ఎనిమిది తేడా అంటే పదివేలలో ఒక వంతు కూడా కాదు. గంటకు 28,800 సార్లు కొట్టుకునే వాచీ రోజుకు 6,91,200 సార్లు కొట్టుకుంటుంది. వెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగు ఒకటి, చుక్కలో వందో వంతు నూనె, వీటితోనే ఇదంతా జరుగుతోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అపోహ: ఖరీదైన వాచీ సెకను కూడా తప్పకూడదు.

స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ (చాలా కచ్చితంగా నడిచే వాచీ) సర్టిఫికెట్ ఇచ్చే సి.ఓ.ఎస్.సి. సంస్థ వాచీ యంత్రాన్ని 15 రోజులపాటు, 5 భంగిమల్లో, 3 ఉష్ణోగ్రతల దగ్గర పరీక్షిస్తుంది. అంత కఠిన పరీక్షలో కూడా సగటున రోజుకు 4 సెకన్లు వెనకబడినా, 6 సెకన్లు ముందుకు పోయినా పాసే. మామూలు వాచీకి ఇంకాస్త సడలింపు ఇవ్వాలి.

నేను చూసేది తేడా ఎంత అని కాదు, రోజూ ఒకేలా ఉందా అని. రోజూ సరిగ్గా 8 సెకన్లు ముందుకు పోయే వాచీ నా లెక్కలో మంచి వాచీ. లోపల వేగం సరిచేసే చిన్న మీట ఒకటి జరిపితే దారికొస్తుంది. ఒకరోజు 3 ముందు, మర్నాడు 9 వెనక నడిచేదాన్ని ఏ మీటా బాగుచెయ్యదు. దాని రోగం వేరే.

అపోహ: ఉన్నట్టుండి నిమిషాలు ఫాస్ట్ పోతోందంటే వాచీ పని అయిపోయినట్టే.

ఇలాంటప్పుడు నా మొదటి అనుమానం అయస్కాంతం మీదే. ఫోను స్పీకర్లో, ట్యాబ్లెట్ కవర్లో, హ్యాండ్‌బ్యాగు బటన్లో అయస్కాంతాలుంటాయి. వాచీని వాటికి ఆనించి పెడితే హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పనిచేసే స్ప్రింగు పొడవు తగ్గిపోయి, అది ఊపే చక్రం, అంటే బ్యాలెన్స్ వీల్, గబగబా ఊగుతుంది. మామూలు దిక్సూచి దగ్గర వాచీ పెట్టి చూడండి, ముల్లు వణికితే అనుమానించాల్సిందే. డీమాగ్నెటైజర్‌తో దీన్ని వదిలించడం క్షణాల పని. ఇది చూడకుండా మీట జరిపేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. తర్వాత అయస్కాంతం వదిలించగానే అదే వాచీ స్లో పోవడం మొదలవుతుంది. ఇకమీదట వాచీని ఇలాంటి వస్తువులకు నాలుగు వేళ్ళ దూరంలో ఉంచినా చాలావరకు క్షేమం.

అపోహ: కీ ఎక్కువైతే వాచీ ఆగిపోతుంది.

నిండా కీ ఉండి ఆగిపోయిందంటే తప్పు కీది కాదు. నూనె ఎండి, మురికి పట్టి, మెయిన్ స్ప్రింగు (కీ ఇస్తే బిగుసుకునేది) బలం చివరి చక్రం దాకా చేరడం లేదు. చేత్తో కీ ఇచ్చే వాచీకి రోజూ ఒకే వేళకు, వేలికి గట్టిగా తగిలేదాకా ఇచ్చి ఆపండి. తగిలాక బలవంతం మాత్రం వద్దు. భయపడి సగం సగం ఇస్తేనే నష్టం: స్ప్రింగు బిగువు తగ్గేకొద్దీ బ్యాలెన్స్ ఊపు తగ్గి టైము చెదురుతుంది. చేతి కదలికతోనే కీ ఎక్కే ఆటోమేటిక్ వాచీలో స్ప్రింగు నిండాక దాని చివర జారిపోయేలా ఏర్పాటుంటుంది, ఆ భయమే లేదు. ఆగిపోయిన ఆటోమేటిక్‌ని నాలుగుసార్లు ఊపి కట్టుకుంటే సరిపోదు. ముందు క్రౌన్‌ని (పక్కనుండే కీ బుడిపెని) ఒక పాతిక చుట్లు తిప్పండి.

లోపల ఇరుసులకు బిగించే రాళ్ళు (జ్యువెల్స్) ఎక్కువుంటే టైము బాగా చూపిస్తుందన్నదీ అపోహే. అవి రాపిడి తగ్గించడానికి. గంట, నిమిషం, సెకను ముళ్ళున్న కీ వాచీకి 17 చాలు.

అపోహ: నడుస్తోంది కదా, సర్వీసింగ్ ఎందుకు?

నూనె ఎండినా వాచీ నడుస్తూనే ఉంటుంది, ఇరుసులు అరిగిపోతూ. నిండా కీ ఇచ్చి పడుకోబెట్టి, వాచీ నడక కొలిచే యంత్రం మీద చూస్తే బ్యాలెన్స్ ఊపు సుమారు 270 నుంచి 310 డిగ్రీలు ఉండాలి. 220కి దిగిందంటే మీట జోలికి పోకుండా ముందు విప్పి కడగాలి. సుమారు ఐదేళ్ళకోసారి చూపించమని నేను చెప్పేది ఇందుకే.

మీరు ఇంట్లో చెయ్యగలిగింది ఒకటుంది. డయల్ పైకి ఉన్నప్పుడు బ్యాలెన్స్ ఇరుసు మొన మీద తిరుగుతుంది, వాచీ నిలువుగా ఉంటే పక్కల మీద ఒరుసుకుంటుంది. అందుకే భంగిమ మారితే టైమూ కొద్దిగా మారుతుంది. రాత్రి డయల్ పైకి పెట్టి, మరో రాత్రి క్రౌన్ పైకి పెట్టి చూడండి. పగలు పెరిగిన సెకన్లను రాత్రి తగ్గించే భంగిమ చాలా వాచీలకు దొరుకుతుంది.

బాగుచేయించాలనుకుంటే, ఫోను టైముతో ఒకసారి కలిపి వారంపాటు ముట్టుకోకండి. రోజూ ఒకే వేళకు తేడా ఎన్ని సెకన్లో, రాత్రి ఎలా పెట్టారో కాగితం మీద రాయండి. వాచీతోపాటు ఆ కాగితం కూడా మెకానిక్‌కి ఇవ్వండి.