పద్దెనిమిది దాటినాక ఎవరిని అడగాలి?

డిగ్రీలో సీటొచ్చి ములుగు వైపు నుంచో పరకాల వైపు నుంచో హనుమకొండకు కొత్తగా దిగిన పిల్లలకు, కాలు సరిగా పనిచేయకపోయినా చూపు ఆనకపోయినా, పుస్తకాల కంటే ముందు వేరే సంగతులు తెలియాలి. నయీంనగర్, కిషన్‌పుర సందుల్లో ఏ హాస్టల్లో కింది గది దొరుకుతుంది? ఏ మెస్సుకు మెట్లు లేవు? పరీక్షకు స్క్రైబ్, అంటే మనం చెప్తుంటే రాసిపెట్టే మనిషి, కావాలంటే ఎన్ని రోజుల ముందు కాగితం పెట్టుకోవాలి? బస్సు పాసుకు ఏ సర్టిఫికెట్ జిరాక్సు అడుగుతారు? ఇవి చెప్పే కౌంటరు ఎక్కడా ఉండదు. చెప్పేది సీనియరే, రెండేళ్ల కింద అవే మెట్ల దగ్గర ఆగిపోయినవాడు. దీనికి ఇప్పుడు పీర్ సపోర్ట్, అంటే తోటివారి తోడ్పాటు, అని పేరు పెట్టి శిక్షణలు కూడా ఇస్తున్నారు. మన దిక్కు మాత్రం ఎప్పటినుంచో ఒకటే మాట: "ఎవరన్నా తెలిసినోళ్లుంటే అడుగు."

ఆ తెలిసినోళ్లు ఎట్లా తయారయ్యారో, ఇప్పటి పిల్లలకు వాళ్లు ఎందుకు దొరకడం లేదో చెప్పాలంటే పోలియో దగ్గర మొదలుపెట్టాలి.

దేశమంతటా పల్స్ పోలియో చుక్కలు మొదలైంది 1995లో. అంతకు ముందు పుట్టిన తరంలో ఉత్తర తెలంగాణలో ఏ ఊరికి పోయినా కాలికి కాలిపర్ కట్టుకున్నవాళ్లో, మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచేవాళ్లో కనిపించేవాళ్లు. ఒకే ఊళ్లో ముగ్గురు నలుగురు ఉన్న చోట్లు కూడా ఉండేవి. వాళ్లను ఊరు పిలిచిన పేర్లు ఇక్కడ రాయను, అందరికీ తెలిసినవే. అయితే ఒకరికొకరు కనిపించేవాళ్లు. బూటు ఎక్కడ కుట్టిస్తారో, ఆపరేషన్ చేయించుకున్నవాడికి ఫలితం ఎట్లుందో ఒకడి దగ్గర ఇంకొకడికి తెలిసేది. ఈ ప్రాంతంలో వికలాంగుల సంఘాల్లో ముందు నిలబడ్డవాళ్లలో పోలియో తరం మగవాళ్లే ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణమని నా అంచనా. వాళ్లు మాట్లాడగలరు, మూడు చక్రాల సైకిల్ తొక్కుకుంటూ మండలాఫీసు దాకా పోగలరు, పక్క ఊళ్లో తమలాంటివాడు ఎవడో వాళ్లకు తెలుసు.

అప్పటికి హక్కులిచ్చే చట్టం అంటూ ఏదీ లేదు. ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించినప్పుడు మన దగ్గర సభలు జరిగాయి, హక్కు మాత్రం చేతికి రాలేదు. 1995 డిసెంబరు 19న వికలాంగుల హక్కుల కార్యకర్త జావేద్ అబిదీ, ఆయనతోటి వాళ్లు ఢిల్లీలో పార్లమెంటు దగ్గర నిరసనకు దిగారు. అబిదీ చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. మూడు రోజుల్లో, డిసెంబరు 22న, బిల్లు పాసైంది. 1996 ఫిబ్రవరి 7 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం కేటాయించింది. నోటిఫికేషన్లలో వీహెచ్ (చూపు), హెచ్‌హెచ్ (వినికిడి), ఓహెచ్ (కాళ్లూ చేతులూ) అనే పొడి అక్షరాలు మన పిల్లలకు అలవాటైంది ఆ కాలంలోనే. ఇవాళ్టికీ హనుమకొండ కోచింగ్ సెంటర్లలో "వాడిది పీహెచ్ కోటా" అనే అంటారు, అంటే వికలాంగుల కోటా. 2015 డిసెంబరులో ప్రధాని రేడియోలో చెప్పిన తర్వాత దివ్యాంగులు అనే మాట ఆఫీసు బోర్డులకు ఎక్కింది. ఆ మాట నచ్చినవాళ్లున్నారు, నచ్చనివాళ్లూ ఉన్నారు. ర్యాంపు కట్టకుండా దివ్యత్వం ఎందుకని అడిగేవాళ్లది నాకు సబబుగానే తోస్తుంది.

ఊళ్లలో అసలు కదలిక 2000 తర్వాత వచ్చింది. మహిళా పొదుపు సంఘాలను నడిపించిన ప్రభుత్వ వెలుగు కార్యక్రమమే, తర్వాత ఇందిరా క్రాంతి పథం అయినదే, వికలాంగులకు కూడా విడిగా సంఘాలు పెట్టించింది. వాటి మీద మండల వికలాంగుల సమాఖ్యలు వచ్చాయి. ఆ కార్యక్రమం పద్ధతే కొత్త. ఒక ఊళ్లో సంఘం నడిపి నేర్చుకున్నవాళ్లే పక్క మండలానికి పోయి నేర్పాలి, ఆఫీసరు కాదు. సంఘం సమావేశానికి పోవడానికి ఇంట్లోంచి మొదటిసారి ఒంటరిగా బయటికి వచ్చామని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ తర్వాత పింఛన్ పోరాటాలు వచ్చాయి. హనుమకొండ ప్రాంతం మనిషి, ఎమ్మార్పీఎస్ నాయకుడు మందకృష్ణ మాదిగ పెట్టిన వికలాంగుల హక్కుల పోరాట సమితి జిల్లా జిల్లాకు పాకింది. ఉమ్మడి రాష్ట్రం చివర్లో 500 రూపాయలున్న పింఛన్ 2014 నవంబరులో ఆసరా పథకంతో 1,500 అయింది. 2019 జూన్ నుంచి 3,016. 2023 జూన్‌లో మంచిర్యాల సభలో మరో పెంపు ప్రకటించారు, జూలై నుంచి 4,016 వచ్చింది. ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ 6,000 ఇస్తామంది. అప్పటినుంచి ధర్నాలన్నీ ఆ అంకె చుట్టే.

పింఛన్‌ను తక్కువ చేసి మాట్లాడటం కడుపు నిండినవాళ్ల పని. నెలనెలా చేతిలో పడే ఆ డబ్బు వల్లే ఎంతోమందికి ఇంట్లో మాట చెల్లింది. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. సంఘం అంటే పింఛన్, పింఛన్ అంటే సంఘం అయిపోయాక, పందొమ్మిదేళ్ల అమ్మాయి వచ్చి "నాకు కాలేజీలో లిఫ్ట్ కావాలి, అడగడం ఎట్లా?" అంటే ఆ మాట ఎజెండాలోకే రాలేదు. నలభై దాటినవాళ్ల మధ్య కూర్చుని ఆమె కూడా పింఛన్ దరఖాస్తు రాసిపెట్టే మనిషిగా మారిపోయింది. ఇంగ్లిష్ వచ్చు కదా, ఫారం నింపు బిడ్డా అంటారు.

వయసు మారింది, దానికంటే పెద్దగా వైకల్యమే మారింది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించారు. అంతకంటే మంచి వార్త ఏముంటుంది? కానీ దానివల్ల ఒకప్పుడు ఊరికి నలుగురున్న ఆ తోడు కూడా పోయింది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, 2016లో పాసైనది, ఏడు రకాలను ఇరవై ఒకటి చేసింది. ఆటిజం వచ్చింది, కండరాల క్షీణత వచ్చింది, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అనే రక్త జబ్బులు వచ్చాయి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో సికిల్ సెల్‌తో నెలకోసారి ఆస్పత్రి మెట్లెక్కే పిల్లాడికీ, వరంగల్‌లో వినికిడి మిషన్ పెట్టుకుని ఇంటర్ చదివే అమ్మాయికీ చట్టం దృష్టిలో ఒకటే గొడుగు. కానీ తోటివాడు ఎవడు? కండరాల క్షీణత ఉన్న కుర్రాడికి తనలాంటివాడు మండలం మొత్తంలో ఒక్కడు కూడా తగలకపోవచ్చు. పైకి చూస్తే ఏమీ లేనట్టే ఉండే సికిల్ సెల్ పిల్లాడిని సంఘంలోనే "నీకేమైంది, మంచిగనే ఉన్నవ్ కదా" అంటారు. నొప్పి వచ్చిన రాత్రిని ఆ మాట అన్నవాళ్లు చూడలేదు మరి.

నలభై శాతం అనే గీత సంగతి కూడా చెప్పాలి. ఎక్కువ ప్రయోజనాలకు వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. మన దగ్గర ఏళ్ల తరబడి దాన్ని సదరం అన్నాం. ఇప్పుడు దాని చోటులోకి యూడీఐడీ అనే, దేశమంతా ఒకటే ఉండే వైకల్య గుర్తింపు కార్డు వచ్చింది. కొన్నేళ్ల కింద మా చిన్నమ్మ కొడుకును తీసుకుని ఒక సదరం క్యాంపుకు పోయాను. పొద్దున ఏడింటికే వరండా నిండింది. ఏ గది ముందు నిలబడాలో చెప్పే మనిషి లేడు. మమ్మల్ని గట్టెక్కించింది పక్కన కూర్చున్న పాతికేళ్ల కుర్రాడు. "పాత రిపోర్టులన్నీ తెచ్చినవా అన్నా? చెవి పరీక్ష వేరే రూంల. ముందు గా లైన్ల పేరు రాపిచ్చి రా, మీ తమ్మున్ని నేను చూస్కుంట." అతను అక్కడికి మూడోసారి వచ్చాడట. మూడుసార్లు తిరగడమే అతని చదువు. ఆ రోజు ఇంకో ఐదారుగురికి అదే పాఠం చెప్పాడు, టిఫిన్ కూడా తినకుండా.

ఇంతకీ పద్దెనిమిదేళ్ల దగ్గర ఏం జరుగుతుంది? అప్పటిదాకా బడి ఉంటుంది. మండలాల్లో భవిత కేంద్రాలుంటాయి, అక్కడ ప్రత్యేక టీచరు ఉంటారు, కేంద్రానికి రాలేని పిల్లల ఇంటికే వస్తారు, ఫిజియోథెరపీ అందుతుంది. చాలినంత ఉందని ఎవరూ అనరు గానీ, పిల్లాడి పేరు ఒక రిజిస్టర్లో ఉంటుంది. 2016 చట్టం ఉచిత చదువును కూడా పద్దెనిమిదేళ్ల దాకే హక్కు చేసింది. ఆ తర్వాత ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ఉద్యోగాల్లో 4 శాతం కోటా అని రాసింది. కానీ ఆ రెండింటి మధ్య నడిచే దారి ఎవరి శాఖ కిందకూ రాదు. భవిత టీచరు చెయ్యి వదిలేస్తుంది, వికలాంగుల సంఘం ఇంకా చెయ్యి పట్టుకోదు. పిల్లాడు ఇంట్లో కూర్చుంటాడు. తల్లి కూలికి పోతుంది. పింఛన్ వస్తూనే ఉంటుంది, కాబట్టి ఏ లెక్కలోనూ ఇబ్బంది కనపడదు.

మానసిక ఎదుగుదల తక్కువున్నవాళ్లకు, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు ఇదే వయసులో ఇంకో మలుపు ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ వాళ్లకు చట్టబద్ధమైన సంరక్షకుడిని నియమించవచ్చు. తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది, మా తర్వాత వీడికి ఎవరు అనేది రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. కానీ ఓటు వయసు వచ్చిన రోజే "నీ బదులు ఇంకొకరు మాట్లాడతారు" అని చెప్పినట్టవుతుంది. 2016 చట్టం కొంచెం వేరే దారి తొక్కింది. పరిమిత సంరక్షకత్వం అంది, నిర్ణయం ఇద్దరూ కలిసి చేయాలంది. నాలుగో సెక్షన్‌లో పిల్లలు కూడా తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పవచ్చనీ, అందుకు వాళ్ల వయసుకు, వైకల్యానికి తగిన తోడ్పాటు ఇవ్వాలనీ ఉంది. తల్లిదండ్రుల సమావేశాల్లో ఈ సెక్షన్ చదివి వినిపించేవాళ్లను నేనైతే ఇంకా చూడలేదు.

తోటివాళ్లే నేర్పాలి అనే ఆలోచనకు ప్రపంచంలో ఎక్కువగా చెప్పే మూలం అమెరికాలోని బర్కిలీ. పోలియోతో మెడ కింద దాదాపు కదలిక లేని ఎడ్ రాబర్ట్స్ 1962లో అక్కడి యూనివర్సిటీలో చేరాడు. ఉండటానికి గది దొరక్క క్యాంపస్ ఆస్పత్రిలోనే ఉన్నాడు. అతని వెనక అట్లాంటి విద్యార్థులే ఇంకొందరు వచ్చారు. సహాయకులను ఎట్లా పెట్టుకోవాలి, చక్రాల కుర్చీ పాడైతే ఎవరు బాగుచేస్తారు అనేవి వాళ్లే ఒకరికొకరు చెప్పుకున్నారు. 1972లో ఆ అలవాటే ఒక కేంద్రంగా మారింది, దాన్ని నడిపినవాళ్లూ వికలాంగులే. మన దేశం 2007 అక్టోబరు 1న ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో ఈ పద్ధతి పేరుతో సహా ఉంది. 24వ అధికరణంలో చదువుకు సంబంధించి, 26లో పునరావాసానికి సంబంధించి, తోటివారి తోడ్పాటు కల్పించాలని రాశారు. అంటే నయీంనగర్ సీనియర్ చేస్తున్నది నిజానికి ప్రభుత్వం ఒప్పుకున్న పని. జీతం లేదు, అంతే తేడా.

ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. తప్పు సమాచారం కూడా ఇదే దారిలో పోతుంది. పాత నిబంధన చెప్పి జూనియర్ ఫీజు పోగొట్టినవాళ్లున్నారు. పర్సెంటేజీ పెంచి ఇప్పిస్తామనే దళారులు కూడా "నేనూ మీలాంటోన్నే" అంటూనే వస్తారు. పైగా ఆ సీనియర్ కూడా గ్రూప్స్‌కు చదువుకుంటున్నవాడే. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, చచ్చిపోవాలనిపిస్తుంది" అని ఎవరైనా అంటే ఏం చెప్పాలో, ఎవరి దగ్గరికి పంపాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. చెవిటి యువత విషయంలో ఈ పదేళ్లలో వచ్చిన మార్పు నన్ను ఆశ్చర్యపరుస్తుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యేసరికి వీడియో కాల్ వాళ్ల చేతికి వచ్చింది. అంతకు ముందు సైగల భాషలో మాట్లాడుకోవాలంటే ఎదురెదురుగా కూర్చోవాల్సిందే. ఇప్పుడు కాజీపేట ప్లాట్‌ఫాం మీద నిలబడి జగిత్యాల స్నేహితుడితో ఒంటి చేత్తో కబుర్లు చెప్పే పిల్లలు కనిపిస్తారు, రెండో చేతిలో ఫోన్. 2018 మార్చిలో 3,000 పదాలతో భారతీయ సైగల భాష నిఘంటువు వీడియోలుగా వచ్చింది, తర్వాత ఇంకా పెరిగింది.

ఆడపిల్లల కథ వేరు. ఆదివారం మీటింగుకు పోతానంటే ఇంట్లో "ఎవరెవరొస్తరు?" అనే ప్రశ్న ముందు వస్తుంది. మీటింగు పెట్టిన చోట ఆడవాళ్లు వాడుకోదగ్గ బాత్రూం ఉందా అనేది ఆమె తనలో తాను అడుక్కునే ప్రశ్న. లేకపోతే పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా వస్తుంది, లేదా రాదు. హాజరు పట్టికలో మగ పేర్లే ఎందుకున్నాయని అడిగే నిర్వాహకులు ముందు ఆ తలుపు తీసి చూసుకోవాలి.

గొంతు విప్పితే ఏమవుతుంది అనేదానికి ఈ మధ్య పిల్లలు ఎక్కువగా చెప్పుకునేది స్క్రైబ్ కేసు. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే సమస్య ఉన్న వికాస్ కుమార్ అనే అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో స్క్రైబ్‌ను నిరాకరించారు, వైకల్యం నలభై శాతం లేదని. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు అతని వైపు తీర్పిచ్చింది. రాయలేకపోవడం నిజమైనప్పుడు శాతం అడ్డు కాకూడదంది. దానికి తగ్గట్టు 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. హనుమకొండలో ఆ కాగితం ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుని తిరిగేవాళ్లున్నారు. పరీక్ష సెంటరులో ఇన్విజిలేటర్ "ఇట్లాంటి రూల్ ఎక్కడుంది?" అంటే తీసి చూపించడానికి. పోయిన ఎండాకాలం డిగ్రీ పరీక్షల ముందు ఒక కుర్రాడు ఆ ఫైలును జూనియర్‌కు ఇస్తుండగా చూశాను. మూలలు నలిగాయి, మధ్యలో టీ మరక ఉంది, వెనక అట్ట మీద స్క్రైబ్‌గా వచ్చేవాళ్ల ఫోన్ నంబర్లు పెన్నుతో రాసి ఉన్నాయి. రెండు కొట్టేసి ఉన్నాయి. "ఆళ్లకు పెండ్లైంది, ఇగ రారు," అన్నాడు. "కింద ఇంకో రెండు నువ్వు రాస్కో."