తెలుగు చెదిరితే ముందు సేవ్ నొక్కొద్దు

కడప,
ఆదివారం పొద్దున

చిన్నోడికీ, పాపకూ అవ్వ ఆశీస్సులు.

మొన్న రాత్రి చిన్నోడి గొంతు వింటూనే నాకు అర్థమైంది. పొదుపు సంఘాల జాబితాను ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గీతలైపోయిందని, తెల్లారేలోపల 400 పేర్లు మళ్ళీ టైపు కొట్టాలని వాడు ఏడ్చినంత పని చేసినాడు. టైపు కొట్టొద్దు, సేవ్ అసలే నొక్కొద్దు, మూసేసి పడుకోమన్నా. ఎందుకట్ల అన్నానో ఆ రాత్రి వినే ఓపిక వాడికి లేదు. పాపకు కూడా ఇంజనీరింగ్ ప్రాజెక్టులో ఇదే తలనొప్పి రేపో మాపో వచ్చేదే. అందుకే ఇద్దరికీ కలిపి రాస్తున్నా. నిదానంగా చదవండి.

ఏడు రోడ్ల దగ్గర మన డీటీపీ సెంటర్‌లో ఇరవై ఏండ్లకు పైగా కూర్చున్నదాన్ని. శుభలేఖలు, పెద్ద దర్గా ఉరుసు పోస్టర్లు, ఒంటిమిట్ట కల్యాణం కరపత్రాలు, అన్నీ ఈ చేతుల మీదుగా పోయినవే. ఆ అనుభవంతో చెప్తున్నా, తెలుగు చెదరడం ఒక్క రకం కాదు. జ్వరమొచ్చిన ప్రతోడికీ ఒకటే మాత్ర ఇవ్వరు కదా. ఇదీ అంతే. తెర మీద ఏం కనబడుతోందో ముందు కండ్లారా చూడాల.

అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనబడితే భయం లేదు. రాసింది భద్రంగానే ఉంది, చూపించే ఫాంటే ఆ మిషన్‌లో లేదు. నోటో సాన్స్ తెలుగు ఉచితంగానే దొరుకుతుంది, వేసుకుంటే సరి. విండోస్ 8 నుంచి అయితే నిర్మలా యూఐ అనే ఫాంట్ దాంతోనే వస్తుంది, అందులో తెలుగుంది.

అట్ల కాకుండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా కనబడితే, అది మా కాలంలో పేజీలు కూర్చిన పేజ్‌మేకర్ ఫైలు నుంచి వచ్చిందేమో చూడండి. అను లాంటి పాత ఫాంట్లలో మిషన్‌కు తెలుగని తెలీదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్కగా బొమ్మలు పెట్టినారు. ఆ ఫాంట్ ఉంటే తెలుగు, లేకుంటే గజిబిజి. దీన్ని యూనికోడ్‌లోకి, అంటే ప్రతి భాష అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చిన ఇప్పటి పద్ధతిలోకి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చినాక మాత్రం వత్తులన్నీ కంటితో ఒకసారి సరిచూడాల. శుభలేఖలో పెండ్లికూతురి పేరు తప్పు పడితే ఆ ఇంట్లో వాళ్ళకు ఎంత బాధో నేను చూసినా.

ఇంక చిన్నోడికి వచ్చింది మూడో రకం. వాడు పంపిన ఫోటోలో ప్రతి మూడు గుర్తులకొకసారి, నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ఏ అక్షరం ఉంది. దాని పక్కన డిగ్రీ గుర్తో, ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తో ఉంది. అది చూడగానే ప్రాణం కుదుటపడింది. ఎందుకో చెప్తా.

యూనికోడ్‌లో మన తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు ఇచ్చినారు. అందులో 'క' సంఖ్య 3093. ఆ సంఖ్యల్ని ఫైల్లో రాసే ఒక తీరు పేరు యూటీఎఫ్-8. అందులో ప్రతి తెలుగు సంకేతానికీ (అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, ఒక్కోటీ ఒక సంకేతం) మూడు బైట్లు, అంటే 255 దాటని మూడు చిన్న సంఖ్యలు, పడతాయి. 'క' అంటే 224, 176, 149. తెలుగులో ఏది రాసినా మొదటి బైటు 224, రెండోది 176 గానీ 177 గానీ. ఇప్పుడు ఎక్సెల్ ఈ ఫైలును తెలుగని తెలీక పాత పడమటి యూరప్ భాషల అక్షరాల పట్టిక పెట్టుకుని చదివిందనుకోండి. ఆ పట్టికలో 224 అంటే వాలుగీత ఏ, 176 అంటే డిగ్రీ, 177 అంటే ప్లస్-మైనస్. 'కడప' అని మూడక్షరాలు రాసి చూడండి. వాలుగీత ఏ, డిగ్రీ, లావు చుక్క. వాలుగీత ఏ, డిగ్రీ, తలకిందుల ఆశ్చర్యార్థకం. వాలుగీత ఏ, డిగ్రీ, పైకెత్తిన చిన్న ఏ. తొమ్మిది గుర్తులు. మన ఊరి పేరు ఎక్కడికీ పోలేదు, చదివిన తీరే తప్పు.

కాబట్టి ఆ సీఎస్వీ ఫైలు (గడులను కామాలతో విడదీసిన ఉత్తి అక్షరాల జాబితా) మీద డబుల్ క్లిక్ చేయొద్దు. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్వీ నొక్కి, ఆ ఫైలు చూపించి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ ఎంచుకో. పేర్లన్నీ నీ కండ్ల ముందే కుదురుకుంటాయి. తిరిగి దాచేటప్పుడు ఉత్తి సీఎస్వీ కాదు, సీఎస్వీ యూటీఎఫ్-8 అని ఉన్నదాన్నే ఎంచుకోవాల.

ఆ చెదిరిన గుర్తుల్నే కాపీ చేసి ఇంకోచోట అతికించే పని కూడా పెట్టుకోవద్దు. మన పొల్లు గుర్తుకు (క్, మ్ లాంటి వాటి నెత్తిన ఉండేది) మూడో బైటు 141. ఆ పాత పట్టికలో 141 దగ్గర ఏ అక్షరమూ లేదు. కంటికి కనబడదు, అతికించేటప్పుడు చాలాసార్లు రాలిపోతుంది. మిషన్ వత్తు రాసుకునేది కూడా ఈ పొల్లుతోనే, అది పోతే వత్తులూ పోతాయి. మన పేర్లలో వత్తులు లేనివెన్ని?

నాలుగోది ప్రశ్నార్థకాలు. వరుసగా ప్రశ్నార్థకాలే కనబడితే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

ప్రొద్దుటూరు నుంచి ఒక రిటైర్డ్ అయ్యవారు వచ్చి తన పద్యాలన్నీ టైపు చేయించుకున్నారు. అప్పటికి యూనికోడ్ కొత్త. దాదాపు నెల రోజులు కొట్టినా. ఒక సాయంత్రం చిన్న ఎడిటర్‌లో పెట్టి సేవ్ నొక్కితే, ఇందులో కొన్ని అక్షరాలు పోతాయి, సరేనా అని ఏదో ఇంగ్లీషులో అడిగింది. చదవకుండా ఓకే కొట్టినా. మళ్ళీ తెరిస్తే ప్రతి అక్షరం ఒక ప్రశ్నార్థకం. బొమ్మ పోవడం కాదు, అక్షరమే పోయి దాని స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం కూర్చుంది. ఏ ఫాంటూ, ఏ కన్వర్టరూ దాన్ని వెనక్కి తేలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. తన నోటు పుస్తకం మళ్ళీ నా చేతికిచ్చి, బస్సు టైమైందని లేచినారు. అందుకే ఆ రాత్రి సేవ్ మాట ఎత్తగానే నీ మీద గట్టిగా అరిచినా, చిన్నా. 2019 నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో దాస్తోంది. అయినా సేవ్ యాజ్ పెట్టెలో ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఏ తీరుగా రాయాలన్నది) దగ్గర ఏముందో చూసే అలవాటు పోగొట్టుకోవద్దు.

ఎర్రముక్కపల్లెలో సీపీ బ్రౌన్ గ్రంథాలయానికి మిమ్మల్ని చిన్నప్పుడు తీసుకుపోయినా, గుర్తుందా? 1820లో కడపకొచ్చిన ఆ దొర వేమన పద్యాలకు ఒక్క ప్రతిని నమ్ముకోలేదు. ఊరూరి నుంచీ తాటాకులు తెప్పించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పాఠాలు పోల్పించినాడు. మీరు కూడా వచ్చిన ఫైలును వచ్చినట్టే ఒక మూల పెట్టి, నకలు మీద పని చేయండి. ఒకసారికి ఒకటే మార్చి చూడండి.

పాపా, ఇంక నీ సంగతి. పైథాన్ ప్రోగ్రాములో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని నీ చేత్తో రాయి. రాయకపోతే విండోస్ మిషన్ తన పాత పట్టిక అందుకోవచ్చు. మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో యూటీఎఫ్8ఎంబీ4 పెట్టు. ఉత్తి యూటీఎఫ్8 అన్న పాత పేరుకు మూడు బైట్ల దాకే చోటు. తెలుగు పడుతుంది, ఎమోజీ పడదు. టేబుల్‌కు పెట్టి కనెక్షన్‌కు మరిచిపోయేవాళ్ళే ఎక్కువ, అది కూడా చూడు.

పేర్ల గడికి 30 అని కొలత పెట్టేముందు అది అక్షరాల లెక్కా, బైట్ల లెక్కా అని అడుగు. వెంకటసుబ్బమ్మ అంటే 13 సంకేతాలు, 39 బైట్లు. 30 బైట్ల దగ్గర కోసేస్తే మిగిలేది వెంకటసుబ్బ. పింఛను కోసం వచ్చిన ముసలామెను మగమనిషిని చేసి నిలబెడతాం.

వెతికితే పేరు దొరకడం లేదన్నావు. రాజ్‌కుమార్ అని రాసేటప్పుడు జ్ కింద క వత్తుగా పడిపోకుండా కొందరు మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు కొడతారు. కొందరు కొట్టరు. మనిషికి రెండూ ఒకటే పేరు, మిషన్‌కు వేరు వేరు. వెతికే ముందు రెండు వైపులా ఆ గుర్తును తీసేసి పోల్చు. దాచిన పేరులోంచి మాత్రం తీయొద్దు, ఆ మనిషి పేరు ఆ మనిషి రాసుకున్నట్టే ఉండాల.

చిన్నోడా, జాబితా సరిగ్గా తెరుచుకున్నాక వరుసలు లెక్కపెట్టు, 400 ఉన్నాయో లేదో. ప్ర, ద్ద, స్త్రీ వచ్చే పేర్లు ఒక పదైనా ఏరి, కాగితం జాబితా పక్కన పెట్టి చూడు. తర్వాత నాకు ఫోటో పంపు, నేనూ చూస్తా.

మీ
అవ్వ