పూజగదిలో రాజు బొమ్మ రూపాయి ఉందా? తోమకండి

పండగ ముందురోజు పూజ సామాన్లతో పాటు పాత వెండి రూపాయిని కూడా చింతపండు పెట్టి తోమేయడం మన ఇళ్లలో మామూలే. దయచేసి ఆ పని మానేయండి.

నా దగ్గర 1918 నాటి జార్జి రాజు రూపాయలు రెండున్నాయి. ఒకటి బూడిద రంగులో, అంచుల్లో కొంచెం నీలంగా ఉంటుంది, రెండోది తళతళలాడుతుంది. చూసినవాళ్లంతా రెండోదే బాగుందంటారు. టేబుల్ లైటు కింద మెల్లగా తిప్పితే, మొదటిదాని మీద వెలుగు బండిచక్రం పుల్లలా గుండ్రంగా తిరుగుతుంది, రెండోదాని మీద ఎటు తిప్పినా ఒకటే మెరుపు, భూతద్దంలో చూస్తే సన్నటి గీతలు. టంకశాలలో అచ్చు గుద్దినప్పుడు వెండి మధ్యలోంచి అంచులకు పాకుతుంది, ఆ పాకిన జాడలే వెలుగుని అలా తిప్పుతాయి. తోమితే అరిగిపోయేవి అవే. మొదటిదాని మీది ఆ బూడిద రంగు గాలిలోని గంధకం వాయువులు తగిలి ఏర్పడిన సిల్వర్ సల్ఫైడ్ పొర, బయట నుంచి వచ్చి పట్టిన మురికి కాదు, అందులో ఉన్నది నాణెం వెండే.

ఇక అది అసలుదా కాదా అన్న టెన్షన్. ముందు తూకం వెయ్యండి. 1835లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు రూపాయిని 180 గ్రెయిన్లుగా, అంటే 11.66 గ్రాములుగా ఖాయం చేశారు, పాత తులం లెక్క కూడా అదే (ఇప్పుడు బంగారం కొట్లో తులమంటే పది గ్రాములైపోయింది). 1939 దాకా అందులో నూటికి 91.7 పాళ్లు వెండి, 1940 నుంచి సగమే. 1947 రూపాయి పూర్తిగా నికెలే, అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది.

సగం వెండి రూపాయి కూడా అదే బరువు కాబట్టి తూకం ఒక్కటే చాలదు. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చెయ్యండి, నాణేన్ని దారానికి కట్టి, అడుగుకీ పక్కలకీ తగలకుండా ముంచండి. మంచి వెండిదైతే కాటా 1.13 దగ్గర ఆగుతుంది, సగం వెండిదైతే 1.22 దగ్గర. వెండి తగ్గితే అదే బరువుకి నాణెం పక్కకు తోసే నీళ్లు పెరుగుతాయి, అంతే. ఒక్క గీతైనా పడకుండా తేలిపోయే ఈ పరీక్ష నాకు ఎప్పుడు చేసినా ముచ్చటే.

తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. విక్టోరియా రాణి రూపాయి మీద 1862 అని ఉన్నా 1874 దాకా అదే తేదీతో కొడుతూ వచ్చారు, 1877 నుంచి క్వీన్ బదులు ఎంప్రెస్ అని ఉంటుంది. 1911 జార్జి రూపాయిలో రాజు అంగీ మీదున్న బుల్లి ఏనుగు పందిలా కనిపించి గొడవైంది, చాలా నాణేలు కరిగించి 1912లో ఏనుగుని సరిగ్గా చెక్కారు.

అరుగుదల చూడ్డానికి కూడా ఆ ఏనుగే మంచి గుర్తు. అది ముద్దలా మారి, కిరీటం మీది ముత్యాలు కలిసిపోతే ఫైన్ అనే గ్రేడు దగ్గర ఆపాలి. తొండం, కాళ్లు విడిగా తెలిస్తే వెరీ ఫైన్, ఎత్తైన చోట్ల మాత్రమే కొద్దిగా నున్నబడితే ఎక్స్‌ట్రా ఫైన్. అసలు చేతులు మారని దానికే అన్‌సర్క్యులేటెడ్. అంచు మీద కొక్కెం అతికించిన మచ్చుంటే, ఒకప్పుడు హారంలో గుచ్చిన నాణెమన్నమాట, మిగతా అంతా ఎంత బాగున్నా విలువ పడిపోతుంది. తోమినవాటికీ అంతే, నాణేలను పరీక్షించి గ్రేడు అంకె ఇచ్చే కంపెనీలు ఆ అంకె ఇవ్వకుండా 'డీటెయిల్స్' అని రాసి పంపేస్తాయి.

1918 రూపాయి అరుదైంది కాదు, కోట్లలో కొట్టారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మన దేశానికి వెండి చాలక, అమెరికా పిట్‌మన్ చట్టం చేసి 25 కోట్లకు పైగా తన వెండి డాలర్లను కరిగించి అమ్మింది. మీ ఇంట్లో ఉన్న రూపాయి కూడా ఒకప్పుడు డాలరై ఉండొచ్చు!

అంచులు పట్టుకునే తీయండి, మెత్తటి పొడి గుడ్డతో కూడా రుద్దొద్దు. కాగితంలో చుట్టి రబ్బరు బ్యాండు అస్సలు వెయ్యకండి, రబ్బరులోనూ గంధకం ఉంటుంది.