ఎత్తు చూడకుండా బరువు గురించి మాట్లాడకండి: బడి పిల్లల పెరుగుదలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: సన్నగా ఉన్నాడంటే బలం లేనట్టే.

పిల్లల డాక్టర్‌గా రోజూ వినే మాట ఇది. నేను మాత్రం ముందు ఎత్తు పెరిగే వేగం చూస్తాను. 5 నుంచి 10 ఏళ్ల మధ్య పిల్లలు ఏడాదికి సుమారు 5-6 సెంటీమీటర్ల ఎత్తు, 2-3 కిలోల బరువు పెరుగుతారు. ఆ లెక్క తప్పకుండా, హుషారుగా ఆడుకుంటూ ఉంటే సన్నగా ఉన్నా టెన్షన్ అక్కర్లేదు. నిరుటి యూనిఫాం ప్యాంటు ఈ ఏడాదీ పొడవు సరిపోతోందంటే మాత్రం చూపించండి. తిండి చాలకపోవడం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, పేగుల జబ్బు కావచ్చు. తిండి చాలని పిల్లలు మన దగ్గర తక్కువేం కాదు. 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో 5-9 ఏళ్ల పిల్లల్లో 22 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు.

అపోహ: బొద్దుగా ఉంటే ఆరోగ్యం. పెద్దయ్యాక ఒళ్లు దానంతటదే తగ్గుతుంది.

చాలామందికి తగ్గదు. మెడ వెనక నలుపును మట్టి అనుకుని సున్నిపిండితో రుద్దే అమ్మలున్నారు. పాపం, పిల్లల చర్మం ఎర్రబడుతుంది తప్ప నలుపు పోదు. లావుగా ఉన్న పిల్లల్లో అది చాలావరకు ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. ఈ వయసులో పస్తులు పెట్టి బరువు తగ్గించక్కర్లేదు. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ చిరుతిళ్లు మాన్పించి రోజూ గంట ఆడనిస్తే బరువు నిలకడగా ఉంటుంది, ఎత్తు పెరిగేకొద్దీ ఒళ్లు సర్దుకుంటుంది.

అపోహ: లావయ్యిందంటే థైరాయిడే.

తిండి వల్ల లావైన పిల్లలు సాధారణంగా తోటివాళ్లకన్నా పొడుగ్గానే ఉంటారు. లావవుతూ ఎత్తు ఆగిపోయిన పిల్లల్లోనే హార్మోన్లను అనుమానించాలి.

అపోహ: పాలలో పొడి కలిపితే పొడుగవుతారు.

అవ్వరు. చాలా పొడుల్లో చక్కెరే ఎక్కువ. 'హెల్త్ డ్రింక్స్' వరుసలోంచి ఇలాంటివి తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకు చెప్పింది. ఉత్త పాలు, గుడ్డు, పప్పు చాలు.

అపోహ: ఆకలి సిరప్ పట్టిస్తే ఒళ్లు చేస్తారు.

కొన్నిటితో మత్తుగా ఉంటుంది, మానేస్తే పెరిగిన బరువూ పోతుంది. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర మాత్రం మానిపించకండి.

ఇంట్లో ఎత్తు కొలవాలంటే చెప్పులు విప్పించి, జడ పైకి కట్టకుండా, మడమలు గోడకు ఆనించి నిలబెట్టండి. ఆరు నెలలకోసారి చాలు. తేదీతో సహా రాసిపెట్టుకుని ఆ కాగితం తీసుకురండి.